కొండ పరుగు: ఉదయగిరి దారిలో విన్న అపోహలు, నేర్చుకున్న వాస్తవాలు

నెల్లూరులో పొద్దున్నే రోడ్డు మీద పరిగెత్తేవాళ్లు ఇప్పుడు బాగా కనిపిస్తున్నారు. వాళ్లలో కొందరు సహ్యాద్రి కొండల్లో జరిగే ట్రయల్ పందేలకు, అంటే కొండ కాలిబాటల మీద జరిగే పరుగు పందేలకు, ముందు పేరు ఇచ్చేసి, ఆ తర్వాత మా దగ్గరకు వస్తారు. చలికాలం ఆదివారాల్లో మేం పదిహేను, ఇరవై మందిమి ఉదయగిరి దుర్గం దారిలో సాధన చేస్తాం. కృష్ణదేవరాయల సైన్యం 1513లో చుట్టుముట్టి, ఏడాదిన్నర పాటు కింద కాచుకుని కూర్చున్న కొండ అది. పాత మెట్లు, ఊడిపడిన గోడ రాళ్లు, వాటి సందుల్లో మొలిచిన కంప, కాలి కింద దొర్లే కంకర. టెక్నికల్ ట్రయల్, అంటే ప్రతి అడుగూ చూసి వేయాల్సిన బాట, ఎలా ఉంటుందో ఆ దారిలో నాలుగడుగులు వేస్తే తెలిసిపోతుంది. కొత్తవాళ్లను వెంటబెట్టుకుని పదేళ్లుగా ఎక్కుతూ దిగుతూ ఉన్నాను. అవే మాటలు మళ్లీ మళ్లీ వింటున్నాను. వాటిని నమ్మి దెబ్బలు తగిలించుకుంటున్నారు కాబట్టి రాస్తున్నాను.

అపోహ: "రోడ్డు మీద హాఫ్ మారథాన్ రెండు గంటల్లో చేస్తా. కొండ మీద 21 కిలోమీటర్లకు ఇంకో అరగంట వేసుకుంటే చాలు."

చాలదు. ఎన్ని కిలోమీటర్లు అని అడిగేముందు ఎంత ఎత్తు ఎక్కాలి అని అడగాలి. అంతర్జాతీయ ట్రయల్ రన్నింగ్ సంఘం వాడే లెక్క చాలా సులువు: ఎక్కే ప్రతి 100 మీటర్లకూ ఒక కిలోమీటరు కలుపుకోవాలి. 21 కిలోమీటర్ల దారిలో మొత్తం 1,200 మీటర్లు ఎక్కాల్సి ఉంటే అది 33 కిలోమీటర్ల శ్రమ. దారిలో రాళ్లున్నాయా, మెత్తటి మట్టి ఉందా అన్నది ఈ లెక్కలోకి రాదు. రాళ్లుంటే ఇంకా పెరుగుతుంది. దీనికంటే పాత లెక్క 1892 నాటిది. విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు చెప్పాడు: మూడు మైళ్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 2,000 అడుగులకు మరో గంట. ఆ ప్రకారం మామూలుగా నడిచేవాడికి ఆ దారి ఆరు గంటల పైమాటే. రెండు గంటల హాఫ్ మారథాన్ చేసేవాళ్లు మొదటిసారి నాలుగు, నాలుగున్నర గంటల్లో వస్తే చాలా బాగా చేసినట్టు.

అందుకే నేను వారానికి ఎన్ని కిలోమీటర్లు పరిగెత్తారని అడగను. ఎన్ని గంటలు కాళ్ల మీద ఉన్నారు, ఎన్ని మీటర్లు ఎక్కారు అని అడుగుతాను. నెల్లూరులో ఉండేవాళ్లకు నరసింహకొండ దగ్గరే కదా. చిన్న కొండే అయినా ఒకసారి ఎక్కి దిగేసి ఇంటికి రాకుండా ఆరుసార్లు, ఎనిమిదిసార్లు ఎక్కి దిగండి.

అపోహ: "పందెంలో నడిస్తే పరువు పోయినట్టే."

2023లో మోంట్ బ్లాంక్ పర్వతం చుట్టూ జరిగే 170 కిలోమీటర్ల పైచిలుకు పందేన్ని జిమ్ వామ్స్‌లీ 19 గంటల 37 నిమిషాల్లో గెలిచాడు. లోకంలోనే పేరున్న పరుగువీరుడు, గంటకు తొమ్మిది కిలోమీటర్లు కూడా పడలేదు. ఆ స్థాయి వాళ్లు కూడా నిటారు ఎక్కుళ్లలో నడుస్తారు. ఎక్కుడు బాగా నిటారుగా ఉన్నప్పుడు అదే వేగంతో నడిచేవాడికంటే పరిగెత్తేవాడికి శక్తి ఎక్కువ ఖర్చవుతుంది. పక్కవాళ్లతో ఒక పూర్తి వాక్యం మాట్లాడలేకపోతున్నారంటే నడకకు దిగండి. అరచేతులు తొడల మీద ఆనించి, నడుము కొంచెం వంచి, చిన్న అడుగులతో ఆగకుండా పొండి. ఈ నడక కూడా సాధన చేయాల్సిందే.

అపోహ: "ఎక్కడమే కష్టం. దిగడం హాయి."

అన్నిటికంటే ఎక్కువమందిని దెబ్బతీసేది ఇదే. నన్నూ తీసింది. నా మొదటి కొండ పందెంలో ఎక్కుళ్లన్నీ బాగా ఎక్కాను, చాలామందిని దాటాను. చివరి దిగుడు ఐదు కిలోమీటర్లు. సగానికి వచ్చేసరికి తొడలు వణకడం మొదలైంది. ఇంకాసేపటికి మోకాళ్లు నిలవలేదు. చివర్లో రాళ్లు పట్టుకుని వెనక్కి తిరిగి నిచ్చెన దిగినట్టు దిగాను. నేను దాటినవాళ్లంతా నన్ను దాటుకుంటూ పోయారు.

ఎందుకలా అవుతుందంటే, ఎక్కేటప్పుడు తొడ ముందు కండరం ముడుచుకుంటూ పనిచేస్తుంది. దిగేటప్పుడు అదే కండరం సాగుతూ బరువును ఆపాలి, ప్రతి అడుగుకూ బ్రేకు వేయాలి. అలా సాగుతూ పనిచేసినప్పుడు కండరంలో సన్నని పోగులు ఎక్కువగా దెబ్బతింటాయి. ఆయాసం ఉండదు, గుండె మామూలుగానే కొట్టుకుంటుంది, అందుకే తేలిగ్గా ఉందనిపిస్తుంది. నొప్పి మర్నాడు మొదలై రెండో రోజు, మూడో రోజుకు ముదురుతుంది. మెట్లు దిగలేరు, కుర్చీలో కూర్చోలేరు.

దీనికి మందు మళ్లీ దిగడమే. ఒకసారి దిగుడుతో దెబ్బతిని కోలుకున్న కండరం రెండోసారి అంతగా దెబ్బతినదు. ఆ రక్షణ కొన్ని వారాల పాటు ఉంటుంది. కాబట్టి పందేనికి రెండు మూడు వారాల ముందు గట్టి దిగుడు ఒకటి తప్పనిసరిగా చేయండి. చివరి వారంలో మాత్రం వద్దు.

ఇక ఎలా దిగాలన్నది నాకు నేర్పింది ఉదయగిరి కొండ మీద ఒక మేకల కాపరి. అరవై దాటిన మనిషి, కాళ్లకు అరిగిపోయిన రబ్బరు చెప్పులు. నేను బూట్లతో జారుకుంటూ, చేతులు ఆడించుకుంటూ దిగుతుంటే పక్కనుంచి చకచకా దిగిపోయాడు. నేను పిలిస్తే ఆగాడు. "కాళ్లు బారలు చాపబాక నాయనా. దగ్గర దగ్గరగా ఎయ్యి. రాయి మీద నిలబడబాక, అది కదిలేలోపల ఇంకో దానిమీద ఉండాల" అన్నాడు. నన్ను ముందు నడవమని తను వెనక వస్తూ చూశాడు. నేను మడమ ముందు మోపి వెనక్కి వాలుతున్నానని చెప్పింది కూడా ఆయనే.

ఆ తర్వాత నేను చదివినవేవీ ఆయన చెప్పినదానికి భిన్నంగా లేవు. అడుగు చిన్నది, వేగంగా. మోకాలు ఎప్పుడూ కొంచెం వంగి ఉండాలి. భయపడి వెనక్కి వాలితే బరువంతా మడమ మీద పడి, కంకరలో కాలు ముందుకు జారిపోతుంది. నడుమును పాదాల మీదికి తెచ్చుకుంటే బూటు అడుగు మొత్తం నేలను పడుతుంది. చూపు బొటనవేలి దగ్గర ఉండకూడదు, మూడు నాలుగు మీటర్ల ముందుండాలి. ఇప్పుడు వేసే అడుగు చోటు కళ్లు ఇందాకే చూసేశాయి, దాన్ని నమ్మాలి. మొదట నడకతో, తర్వాత మెల్లటి పరుగుతో, అదే యాభై మీటర్ల ముక్క పదిసార్లు దిగండి. ధైర్యం ఉన్నవాడు బాగా దిగుతాడని అంటారు. నేను చూసినంతలో బాగా దిగేవాళ్లంతా ఎక్కువసార్లు దిగినవాళ్లే.

అపోహ: "ఖరీదైన ట్రయల్ బూట్లుంటే జారదు."

అడుగున లోతైన పళ్లుంటే మట్టిలో పట్టు బాగుంటుంది. రాతి మీద పట్టు ఇచ్చేది రబ్బరు మెత్తదనం. తడిసి నాచు పట్టిన బండ మీద ఏ బూటూ ఆగదు. మనకు నవంబరు, డిసెంబరు వానలు కాబట్టి ఆ రోజుల్లో బండల మీద నడవండి, అంతే. అడుగున మందంగా స్పాంజి ఉన్న బూట్లు రోడ్డుకు సుఖం కానీ ఎగుడుదిగుడు రాళ్ల మీద చీలమండ పక్కకు మెలితిరిగే ప్రమాదం ఎక్కువ. కొనేటప్పుడు వేళ్ల ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ చూసుకోండి. దిగుళ్లలో పాదం ముందుకు జరిగి గోరు గుద్దుకుంటూ నల్లబడేది అక్కడే. గోళ్లు రెండు మూడు రోజుల ముందే కత్తిరించుకోండి.

అపోహ: "దాహం వేయకముందే తాగాలి, ఎంత తాగితే అంత మంచిది."

ఎండకు భయపడే జిల్లా మనది కాబట్టి ఈ మాట అందరి నోటా ఉంటుంది. కానీ నీళ్లు మరీ ఎక్కువైనా ప్రాణం మీదికి వస్తుంది. రక్తంలో సోడియం పలచబడి మెదడు వాస్తుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం ఉండాల్సినదానికంటే తక్కువగా తేలింది. అందుకు ముఖ్య కారణం పరుగులో బరువు పెరిగేంతగా తాగడం. వేళ్లు ఉబ్బి ఉంగరం బిగుసుకోవడం, తలనొప్పి, వాంతులు, మాట తడబడటం కనిపిస్తే నీళ్లు ఇంకా పట్టించవద్దు, వెంటనే డాక్టరుకు చూపించాలి. దాహానికి తగ్గట్టు తాగండి. ఓఆర్ఎస్ ప్యాకెట్టు మీద లీటరు అని ఉంటే లీటరులోనే కలపండి. అర లీటరులో చిక్కగా కలిపితే కడుపు తిప్పుతుంది. రెండు గంటలు దాటే పరుగులో నీళ్లతోపాటు తిండి కూడా కావాలి. గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం. ఓ మోస్తరు అరటిపండులో పాతిక గ్రాముల పైన ఉంటుంది.

వడదెబ్బ సంగతి వేరు. మనిషి తికమకగా మాట్లాడుతూ ఒళ్లు కాలిపోతుంటే ముందు అక్కడికక్కడే నీళ్లు పోసి చల్లబరచాలి, ఒకరు ఆ పనిలో ఉండగానే ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. బండి వచ్చాక ఆస్పత్రిలో చూసుకుంటారులే అని ఆగితే ఆలస్యమైపోతుంది.

అపోహ: "ముందే ఒక నొప్పి మాత్ర వేసుకుంటే మోకాళ్లు ఇబ్బంది పెట్టవు."

వద్దు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కిడ్నీలకు వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. చెమట పోసి ఒంట్లో నీరు తగ్గి, దెబ్బతిన్న కండరాల వ్యర్థమంతా కిడ్నీల మీద పడుతున్న సమయం అది. మా బృందంలో ఒక కుర్రాడు నాకు చెప్పకుండా రెండు మాత్రలు వేసుకుని పందెం పూర్తి చేశాడు. సాయంత్రానికి మూత్రం డికాషన్ రంగులో వచ్చింది. మూడు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. అప్పటినుంచి బయలుదేరే ముందు ప్రతి ఒక్కరినీ నేరుగా అడుగుతాను. కొందరు నొచ్చుకుంటారు, అయినా అడుగుతాను.

అపోహ: "పాము కరిస్తే పైన గట్టిగా తాడు కట్టాలి."

కట్టకూడదు, కోయకూడదు, నోటితో పీల్చకూడదు. కరిచిన కాలు కదలకుండా ఉంచి, మనిషిని నడిపించకుండా మోసుకుని, విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆస్పత్రికి చేర్చాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ ఒకే మందు పనిచేస్తుంది కాబట్టి పామును వెతికి చంపుతూ సమయం పోగొట్టవద్దు. గడ్డిలో, రాళ్ల సందుల్లో చేయి పెట్టేముందు చూసుకోండి. ఒంటరిగా వెళ్లవద్దు, అడవి పరిధిలోకి పోవాలంటే అటవీ శాఖను ముందే అడగండి.

అపోహ: "దారి తెలియకపోయినా ముందువాడి వెనక పోతే సరి."

ముందువాడు కూడా అలాగే ఎవరి వెనకో పోతుంటాడు. గుర్తుగా కట్టిన రిబ్బన్లు మీ కళ్లతో మీరే చూసుకోవాలి. కాసేపటిగా ఒక్కటీ కనిపించకపోతే ముందుకు పోవద్దు, అడ్డదారి వెతకవద్దు, ఆఖరుగా చూసిన రిబ్బను దాకా వచ్చిన దారినే వెనక్కి పొండి. పైకి ఎక్కాల్సి వచ్చినా సరే. మా సాధన పరుగుకు రిబ్బన్లు కట్టేది నేనే, అందరికంటే వెనక నడుస్తూ విప్పేదీ నేనే. మొదటి ఏడాది నడుం ఎత్తులో కొమ్మలకు కట్టాను. తెల్లారేసరికి మేకలు ఒక మలుపు దగ్గర మూడింటిని నమిలేశాయి, నలుగురు తప్పిపోయారు. ఇప్పుడు చేయి పైకెత్తి కడుతున్నాను, మలుపు దాటాక ఇంకొకటి అదనంగా.