కొత్త ఇంటికి వేడి నీళ్లు: స్లాబ్ పడకముందే వదిలించుకోవలసిన అపోహలు

నీళ్ల హీటర్లు బిగించడం నా పని. పల్లెలో ఇల్లు కట్టుకునేవారు నన్ను పిలిచేది ఎక్కువగా గృహప్రవేశానికి వారం, పది రోజుల ముందు. అప్పటికి టైల్స్ అతికించి, రంగులు కూడా వేసి ఉంటారు. "సోలార్ హీటర్ ఎక్కడ పెడదాం?" అని అప్పుడు అడుగుతారు. ఆ మాట మేస్త్రీ గోడలు లేపుతున్నప్పుడే అడిగి ఉంటే ఎంత బాగుండేదో అని ప్రతిసారీ బాధపడతాను. మన దగ్గర చాలా ఊళ్లలో ఇల్లు వెచ్చబెట్టే పని ఉండదు, కాచుకోవలసింది స్నానాల నీళ్లే. ఆ పని తక్కువ ఖర్చుతో, తక్కువ కార్బన్‌తో జరగడం దుకాణంలో ఎంచుకునే కంపెనీ మీద కంటే ఇంటి ప్లాను మీదే ఎక్కువగా ఆధారపడుతుంది.

అపోహ: ఇల్లు పూర్తయ్యాక హీటర్‌ను ఎక్కడైనా బిగించుకోవచ్చు.

మామూలు సోలార్ హీటర్‌కు పంపు ఉండదు. ఎండ తగిలే గాజు గొట్టాల్లో (కొన్ని రకాల్లో రాగి గొట్టాల్లో) వేడెక్కిన నీరు తేలికై పైనున్న సోలార్ ట్యాంకులోకి పోతుంది, చల్లనీరు కిందికి దిగుతుంది. ఆ వేడి నీటిని కుళాయికి నెట్టేది ఓవర్‌హెడ్ ట్యాంకులోని చల్లనీటి ఒత్తిడే. కాబట్టి చల్లనీటి ట్యాంకు అడుగు సోలార్ ట్యాంకు కంటే పైన ఉండాలి. డాబా మీద చల్లనీటి ట్యాంకును నేల మట్టానికి కూర్చోబెట్టేసిన ఇళ్లలో తరవాత ఇనుప స్టాండు వేయాలి, పైపులన్నీ మార్చాలి. ముందే అనుకుంటే మెట్ల గది పైకప్పు మీద ట్యాంకు పెట్టుకుని ఆ ఖర్చంతా తప్పించుకోవచ్చు.

పైపు దూరం సంగతి మరీ ముఖ్యం. ముప్పావు అంగుళం పైపు 20 మీటర్లు పరిస్తే అందులోనే సుమారు 5 లీటర్ల నీరు నిలిచి ఉంటుంది. తెల్లవారి కుళాయి తిప్పితే ముందు ఆ చల్లనీళ్లన్నీ పోవాలి. స్నానం ముగిశాక పైపులో మిగిలిన వేడి నీళ్లు అక్కడే చల్లారిపోతాయి. స్నానాల గదులు, వంటగది ఒకే వైపు వచ్చేలా, వాటికి సరిగ్గా పైనే హీటర్ ఉండేలా ప్లాను గీయించండి. వేడి నీటికి మామూలు పీవీసీ పైపు మెత్తబడుతుంది, వేడిని తట్టుకునే సీపీవీసీ రకం వేయాలి. ఎండలో ఉన్న భాగానికి వెచ్చదనం పోకుండా తొడుగు వేయాలి. హీటర్ ముఖం దక్షిణానికి ఉండాలి, కొబ్బరి చెట్టు నీడ కూడా పడకూడదు.

అపోహ: నలుగురున్న ఇంటికి 200 లీటర్లదైనా కావాలి.

ట్యాంకులో ఉండేది 60 డిగ్రీల నీరు. అలాగే ఒంటి మీద పోసుకోలేం కదా. 20 డిగ్రీల చల్లనీరు కలిపి 40 డిగ్రీలకు తెస్తే 100 లీటర్లు 200 లీటర్లవుతాయి, అంటే 20 లీటర్ల బకెట్లు పది. బకెట్ స్నానాలు చేసే నలుగురికి 100 లీటర్లదే ధారాళం.

అపోహ: చలికాలంలో సోలార్ పనిచేయదు.

నీళ్లను వేడెక్కించేది ఎండ, గాలిలోని వేడి కాదు. తెలంగాణలో, ఉత్తరాంధ్రలో డిసెంబరు, జనవరి ఆకాశం చాలా రోజులు తేటగానే ఉంటుంది. ఇబ్బంది పెట్టేది ముసురు పట్టే వానాకాలం. నెల్లూరు, తిరుపతి వైపు అయితే నవంబరు వానలు. హీటర్ పలకను కాస్త నిలువుగా, 25 నుంచి 30 డిగ్రీల వాలులో పెడితే చలికాలపు వాలు ఎండ బాగా అందుతుంది.

అపోహ: సోలార్ పెట్టినా కరెంటు బిల్లు తగ్గదు.

ఆదిలాబాద్ దగ్గర ఒక ఇంటి పెద్దాయన నన్ను ఇదే మాటతో పిలిచారు. "బిడ్డా, ఇది పెట్టించిన నెల నుంచే బిల్లు ఎక్కువ వస్తోంది" అన్నారు. పొద్దున తొమ్మిదికి డాబా ఎక్కాను. మంచు ఇంకా పూర్తిగా విడవలేదు, గాజు గొట్టాల మీద తడి ఆరలేదు, కానీ వేడి నీటి పైపు చెయ్యి పెడితే కాలింది. ట్యాంకులో ఉండే కరెంటు కాయిల్ స్విచ్ కోసం వెతికితే వరండాలో క్యాలెండరు వెనుక దొరికింది. రాత్రింబవళ్లు వేసే ఉంది.

ఏడింటికల్లా అందరి స్నానాలు అవుతాయి. ఖాళీ అయిన మేరకు ట్యాంకులోకి చల్లనీరు దిగుతుంది. వెంటనే కాయిల్ అందుకుని 100 లీటర్లకు 4 యూనిట్లకు పైగా కరెంటు తాగుతుంది. ఎండ వచ్చేసరికి నీళ్లు కాగి ఉంటాయి, ఇక సూర్యుడు కాచడానికి ఏమీ మిగలదు. ముసురు రోజున మాత్రమే, అదీ స్నానాలకు గంట ముందు మాత్రమే కాయిల్ వేయమని చెప్పి, ఆ స్విచ్‌ను స్నానాల గది పక్కకు మార్పించాను.

అపోహ: గాజు గొట్టాలు ఊరికే పగిలిపోతాయి.

ఎక్కువగా పగిలేది మన తొందర వల్లే. ట్యాంకు ఖాళీగా ఉండి గొట్టాలు మిట్టమధ్యాహ్నం ఎండకు మాడుతున్నప్పుడు మోటారు వేసి చల్లనీరు వదిలితే గాజు తట్టుకోలేదు. తెల్లవారుజామునో, పొద్దు గూకాకో నింపండి. బోరు నీటిలో ఉప్పు ఎక్కువగా ఉన్న ఊళ్లలో సన్నటి రాగి గొట్టాల రకం త్వరగా పూడుకుపోతుంది. అక్కడ వెడల్పైన గాజు గొట్టాలు, లోపల ఎనామిల్ పూత ఉన్న ట్యాంకు నయం.

అపోహ: కట్టెల పొయ్యికి ఖర్చూ లేదు, హానీ లేదు.

మూడు రాళ్ల పొయ్యిలో మండే కట్టె వేడిలో కాగుకు చేరేది 10, 15 శాతమే. మిగిలినది గాలిపాలు, పొగ ఆడవాళ్ల ఊపిరితిత్తులపాలు. చేలో పత్తి కట్టె ఎలాగూ మిగులుతుందనే రైతుకు నేను వద్దని చెప్పను. మధ్యలో పొగగొట్టం ఉన్న పాతకాలపు రాగి బాయిలర్‌ను ఇంటి బయట, రేకుల కింద పెట్టుకోమంటాను.

అపోహ: గ్యాస్ గీజరే అన్నిటికంటే కాలుష్యం.

లెక్క వేస్తే అలా లేదు. మన గ్రిడ్ కరెంటు యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. గ్యాస్‌తో అంతే వేడి పుట్టిస్తే అందులో సగం కూడా రాదు. అయినా గాలి ఆడని స్నానాల గదిలో దాన్ని బిగించమంటే నేను బిగించను. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు, మనిషి కేక వేసేలోపే పడిపోతాడు. బయటి గోడకైతేనే పెడతాను.

అపోహ: కరెంటు పుట్టించే ప్యానెళ్లున్నా సోలార్ హీటర్ వేరుగా కావాల్సిందే.

ఇక్కడ నా అభిప్రాయం ఈ మధ్య మారింది. పీఎం సూర్యఘర్ పథకం 2024లో వచ్చినప్పటి నుంచి ప్యానెళ్లకు కిలోవాట్‌కు 30,000 రూపాయల చొప్పున 2 కిలోవాట్ల వరకు, 3 కిలోవాట్లైనా, అంతకు మించినా మొత్తం 78,000 రాయితీ ఉంది. నీళ్ల హీటర్లకు ఆ రాయితీ వర్తించదు. ఒక కిలోవాట్ ప్యానెళ్లు రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తాయి. నాలుగు బకెట్ల స్నానాలకు కావలసింది 2 యూనిట్ల లోపే. చిన్న కుటుంబం ఎలాగూ ప్యానెళ్లు పెట్టించుకుంటుంటే 15 లీటర్ల కరెంటు గీజరు చాలు. ఆరేడుగురున్న ఉమ్మడి కుటుంబానికి మాత్రం ఇప్పటికీ సోలార్ హీటరే చెబుతాను.

అపోహ: నీళ్లు ఎక్కడివైనా కాచే ఖర్చు ఒకటే.

జనవరి తెల్లవారుజామున అప్పుడే తోడిన బోరు నీళ్ల కింద చెయ్యి పెట్టి చూడండి, గోరువెచ్చగా తగులుతాయి. రాత్రంతా డాబా మీద మంచులో ఉన్న ట్యాంకు నీళ్లు జివ్వుమంటాయి. 20 డిగ్రీల నీటిని 40కి తేవడానికి పట్టే కరెంటుతో పోలిస్తే 28 డిగ్రీల నీటికి 40 శాతం తక్కువ పడుతుంది. అందుకే బోరు పైపు నుంచి స్నానాల గదిలోకి నేరుగా ఒక కుళాయి పెట్టించమని ప్రతి ఇంట్లోనూ అడుగుతాను. గోడలు కడుతున్నప్పుడైతే అది అరపూట పని.