తోడేలు తిరిగొచ్చింది, కాపలా ఎవరిది?

2020 నవంబరులో అమెరికాలోని కొలరాడో ఓటర్లు అధ్యక్ష ఎన్నికతో పాటు ఇంకో విషయం మీద కూడా ఓటు వేశారు. తుపాకులతో, ఉచ్చులతో, విషంతో ఒకప్పుడు తుడిచిపెట్టేసిన తోడేళ్లను మళ్లీ తెచ్చి వదలాలా, వద్దా? ముప్పై లక్షలకు పైగా ఓట్లు పోలైతే సుమారు 57 వేల తేడాతో ‘వదలాలి’ అన్నవాళ్లు గెలిచారు. తీర్మానంలోనే ఓ షరతు ఉంది. రాకీ పర్వతాల మీదుగా సాగే నీటి విభజన రేఖకు (నదులు తూర్పుకూ పడమరకూ చీలిపోయే శిఖరాల వరుసకు) పడమటి వైపే వాటిని వదలాలి. ‘అవును’ అన్న ఓట్లలో ఎక్కువ భాగం ఆ రేఖకు తూర్పున ఉన్న డెన్వర్, బౌల్డర్ లాంటి నగరాల ప్రాంతం నుంచి వచ్చాయి. పడమటి కౌంటీలు (మన జిల్లాల లాంటివి) చాలావరకు వద్దన్నాయి. కోరుకున్నవాళ్లు ఒక పక్క, తోడేళ్లతో కలిసి బతకాల్సినవాళ్లు ఇంకో పక్క.

2023 డిసెంబరులో ఒరెగాన్ నుంచి పది తోడేళ్లు వచ్చాయి. వాటిలో కొన్ని, అక్కడ పశువులను చంపిన గుంపుల నుంచి పట్టినవేనని తెలిసి పశువుల పెంపకందారులు మండిపడ్డారు. 2024 ఏప్రిల్‌లో గ్రాండ్ కౌంటీలో మొదటి దూడ పోయింది. అక్కడే ఒక జంట పిల్లలు పెట్టింది. దూడలు, గొర్రెలు పోతూనే ఉండటంతో అధికారులు ఆ కుటుంబాన్ని పట్టి తరలించారు. పట్టుబడిన కొద్ది రోజులకే తండ్రి తోడేలు చనిపోయింది. దాని కాలికి అప్పటికే తుపాకీ గాయం ఉంది. 2025 జనవరిలో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా నుంచి మరో పదిహేను తోడేళ్లను తెచ్చి వదిలారు.

ఇలాంటి తగాదాలో మొదట వినిపించే మాట లెక్కల గురించే. అమెరికా పశుసంపదలో తోడేళ్ల వాత పడేది చాలా చిన్న భాగం. రోగాలకు, చలికి, ఈనేటప్పుడు వచ్చే కష్టాలకు పోయేవే ఎన్నో రెట్లు ఎక్కువ. ఇది నిజం. కానీ ఈ సగటుతో వాదన ముగిసిపోయిందనుకోవడం అన్యాయమని నా అభిప్రాయం. నష్టం రాష్ట్రమంతా సమానంగా పంచుకుని రాదు. తోడేళ్లు ఈనిన లోయలో ఉన్న నాలుగైదు కుటుంబాల మీదే పడుతుంది.

పైగా దొరికిన కళేబరాలను లెక్కపెడితే జరిగిన నష్టమంతా తేలదు. పరిహారం రావాలంటే తోడేలే చంపిందని రుజువు కావాలి. అధికారి వచ్చి చర్మం ఒలిచి, పంటి గాట్ల కింద రక్తం గడ్డకట్టిందా అని చూస్తాడు. గడ్డకడితే బతికుండగానే కొరికినట్టు, లేకపోతే చచ్చాక తిన్నట్టు. కొలరాడోలో వేసవిలో పశువులను వేల ఎకరాల ప్రభుత్వ అటవీ భూముల్లోకి తోలి వదిలేస్తారు. ఆ కొండల్లో దూడ పడిపోతే, మనిషి కంటపడేలోపు ఎలుగుబంట్లు, కయోటీలు (నక్కల్లాంటి జంతువులు), కాకులు పని పూర్తిచేస్తాయి. ఐడహో రాష్ట్రంలో ఇలాంటి బయళ్లలో దూడల చెవులకు రేడియో పరికరాలు తగిలించి చేసిన పరిశోధన 2003లో అచ్చయింది. తోడేలు చంపినట్టు తేలిన ఒక్కో దూడకు, దొరకకుండా పోయినవి ఏడు దాకా ఉండవచ్చని దాని అంచనా. మోంటానాలో 2014లో వెలువడిన అధ్యయనం ఇంకో సంగతి బయటపెట్టింది. తోడేలు ఒక్క దూడనైనా చంపిన చోట, మిగిలిన దూడలు కూడా అమ్మకం నాటికి సగటున 22 పౌండ్లు, అంటే పది కిలోలు, తక్కువ తూగాయి. భయంతో మేత తగ్గడమే కారణం కావచ్చు. దూడలను తూకం మీద అమ్ముకునే మనిషికి ఆ పది కిలోలు చిన్నవి కావు.

తోడేలు ఉన్నచోట పశువులు కాయడమనే పని వేరుగా ఉంటుంది. మన దక్కన్ మెట్టల్లో తోడేలు పూర్తిగా పోలేదు కాబట్టి ఆ పనీ పోలేదు. కురుమ, గొల్ల కాపరులు గొంగడి కప్పుకుని మంద పక్కనే పడుకుంటారు, కుక్కలను వెంట ఉంచుకుంటారు, చిన్న గొర్రెపిల్లలను గంపల కింద మూస్తారు. కొలరాడోలో దాదాపు మూడు తరాలు తోడేలు లేకుండా గడిచాయి. పశువులను కొండ మీదికి తోలి ఆకురాలు కాలంలో దించుకునే పద్ధతి ఆ నిశ్చింత మీద ఏర్పడిందే. అందుకే తోడేలుతో పాటు కాపలా కూలీ కూడా తిరిగొచ్చిందని నేనంటాను. దాన్ని ఎవరు భరించాలన్నదే అసలు తగువు.

ఆ కాపలా ఫలిస్తుందా? ఐడహోలో వుడ్ రివర్ లోయలో 2008 నుంచి ఏడేళ్లు గమనించారు. గొర్రెల మందల దగ్గర కావలి కుక్కలు, రాత్రి మనుషులు, వెలుగులు, పెద్ద చప్పుళ్లు, తాడుకు ఎర్ర గుడ్డపేలికలు వేలాడదీసిన కంచెలు వాడారు. తోడేళ్ల వాత పడినవి మొత్తం గొర్రెల్లో 0.02 శాతమే. ఈ ఏర్పాట్లు లేని పక్క ప్రాంతంలో నష్టం మూడున్నర రెట్లు. గుడ్డపేలికల కిటుకు తూర్పు యూరప్ వేటగాళ్లది. వాళ్లు తోడేళ్లను తుపాకుల వైపు తోలడానికి వాడిన తాడే ఇప్పుడు వాటిని గొర్రెలకు దూరంగా ఉంచుతోంది. కొత్త వస్తువంటే తోడేలుకు జంకు. అయితే సుమారు రెండు నెలల్లో ఆ జంకు వదిలిపోతుంది. పైగా ఒక చోట గుమిగూడే గొర్రెలకు పనికొచ్చిన ఉపాయం, కొండంతా చెదిరిపోయే ఆవులకు అంతగా పనికిరాదు.

వేటగాళ్ల బాధ వేరు. ఎల్క్ మన కణుజుకు బంధువైన పెద్ద జింక. లైసెన్సులకూ తుపాకులకూ తాము కట్టిన డబ్బుతోనే ఎల్క్‌లు మళ్లీ పెరిగాయని వాళ్లంటారు, అందులో నిజముంది. 1995–96లో ఎల్లోస్టోన్ జాతీయ పార్కులో 31 తోడేళ్లను వదిలాక, అక్కడి ఉత్తరపు ఎల్క్ మంద సుమారు 19 వేల నుంచి 2013 నాటికి 4 వేలకు పడిపోయింది. ఆ నేరమంతా తోడేలు మీద మోపడం మాత్రం తప్పు. గ్రిజ్లీ ఎలుగుబంట్లు, కొండసింహాలు (ప్యూమాలు) పెరిగాయి, కరువులు వచ్చాయి, పార్కు బయట మనుషులూ ఆడ ఎల్క్‌లను వేటాడారు. మోంటానా, వయోమింగ్‌లలో చాలాచోట్ల ఎల్క్‌లు ఇప్పటికీ ప్రభుత్వం పెట్టుకున్న లక్ష్యానికి మించే ఉన్నాయి.

వేటకు అనుమతిస్తే పల్లెల్లో కోపం చల్లారుతుందన్న వాదన నన్ను పూర్తిగా ఒప్పించలేదు. 2021 ఫిబ్రవరిలో విస్కాన్సిన్ రాష్ట్రంలో వేటగాళ్లకు 119 తోడేళ్లు కేటాయించి గేట్లెత్తారు. మూడు రోజులు నిండకుండానే 218 చచ్చాయి. అక్కడి ఒజిబ్వే ఆదివాసులు తోడేలును సోదరుడిగా భావిస్తారు. వాళ్ల వాటాగా పక్కన పెట్టిన 81ని వాళ్లు వేటాడదలచుకోలేదు. మిగతావాళ్లు అందులోకి కూడా చొరబడ్డారు.

కొలరాడో ఒక మంచి పని చేసింది. చచ్చిన పశువుకు 15 వేల డాలర్ల దాకా ఇవ్వడంతో ఆగకుండా, కనబడకుండా పోయిన దూడలనూ తగ్గిన తూకాన్నీ లెక్కలోకి తీసుకుంది. 2025 మార్చిలో గ్రాండ్ కౌంటీ పెంపకందారులకు మంజూరైన మొత్తం మూడు లక్షల 40 వేల డాలర్లు దాటింది. రాష్ట్రం ఏడాదికి పెట్టుకున్న నిధి దాదాపు అంతే. నిజాయితీగా లెక్కిస్తే ధర ఎంతో అప్పుడు తెలిసింది.

అదే ఏడాది నుంచి గుర్రాల మీద పశువుల వెంట తిరిగే కాపలాదారులకు రాష్ట్రమే జీతమివ్వడం మొదలుపెట్టింది. తోడేలు బొమ్మ ఉన్న ప్రత్యేక నంబరు ప్లేటు కోసం కార్ల యజమానులు అదనంగా కట్టే సొమ్ము ఇలాంటి కాపలా ఏర్పాట్లకే వెళ్తుంది. కళేబరానికి వెలకట్టడం కన్నా ముందుగా మెలకువకు కూలి ఇవ్వడం నాకు న్యాయంగా తోస్తుంది. ఆ మొదటి ఏడాది ఆ జీతగాళ్లు పట్టుమని ఇరవై మంది కూడా లేరు, కాయాల్సిన కొండలు మాత్రం రాష్ట్రపు సగం పొడవునా ఉన్నాయి.