ఖైదీకి తెలిసిన తేదీ

ఫ్రాన్సిస్ గ్రీన్‌వే బ్రిస్టల్‌లో ఆర్కిటెక్టు. ఒక పత్రం ఫోర్జరీ చేశాడని 1812లో ఉరిశిక్ష వేశారు. తర్వాత దాన్ని 14 ఏళ్ల ద్వీపాంతరవాసంగా మార్చి ఓడ ఎక్కించారు. 1814లో ఆస్ట్రేలియాలో దిగాడు, అప్పట్లో బ్రిటన్ తన ఖైదీలను పంపే సిడ్నీ వలసలో. నాలుగేళ్లు తిరక్కుండానే రేవు ముఖద్వారం దగ్గర ఆయన గీసిన లైట్‌హౌస్ లేచింది. ఆ వలసను ఏలే గవర్నర్ మెక్వారీ సంతోషించి షరతులతో క్షమాభిక్ష పెట్టాడు. 1819లో సంపూర్ణ క్షమాభిక్ష కూడా దక్కింది.

మరి రాళ్లు కొట్టేవాడి సంగతి? గొర్రెలు కాసేవాడి సంగతి?

వాళ్లకు దొరికేది ‘టికెట్ ఆఫ్ లీవ్’ అనే కాగితం. 1801లో గవర్నర్ కింగ్ దీన్ని మొదలుపెట్టాడు. తన పొట్ట తాను పోసుకోగల ఖైదీకి సర్కారు గిడ్డంగి నుంచి తిండి ఎందుకు పెట్టాలన్నది ఆయన లెక్క. టికెట్ ఉన్నవాడు నచ్చినచోట కూలికి కుదరొచ్చు, ఆస్తి కూడబెట్టుకోవచ్చు. కానీ రాసిచ్చిన జిల్లా దాటకూడదు, మేజిస్ట్రేటు ముందు హాజరు వేయించుకోవాలి. తప్పు చేస్తే టికెట్ రద్దు.

మొదట్లో ఇదంతా గవర్నరు ఇష్టం. పలుకుబడి ఉన్నవాడికి ఓడ దిగగానే టికెట్ దొరికేది, లేనివాడు ఎదురుచూసేవాడు. 1820ల్లో గవర్నర్ బ్రిస్బేన్ లెక్క కట్టాడు: సత్ప్రవర్తనతో ఉంటే ఏడేళ్ల శిక్షకు 4 ఏళ్లకు, 14 ఏళ్లకు 6, యావజ్జీవానికి 8 ఏళ్లకు టికెట్. ఈ కథలో నాకు అన్నిటికంటే పెద్ద మలుపు ఇదే. దయ కోసం కాళ్లు పట్టుకోవాల్సిన మనిషి తన రోజు తాను లెక్కపెట్టుకోగలిగాడు. ఆగస్టు 15 వస్తోందంటే మన పత్రికల్లో కనిపించే ‘సత్ప్రవర్తన గల ఖైదీలకు క్షమాభిక్ష’ వార్త చదివినప్పుడల్లా నాకు ఆ అంకెలే గుర్తొస్తాయి.

ఆ లెక్కను ఇంకా ముందుకు తీసుకెళ్లినవాడు బ్రిటిష్ నౌకాదళ అధికారి అలెగ్జాండర్ మెకానొకీ. నెపోలియన్ యుద్ధకాలంలో ఆయనే ఫ్రాన్సులో బందీగా ఉన్నాడు. 1840లో, ఖైదీలు నరకంగా చెప్పుకునే, ఆస్ట్రేలియాకు తూర్పున సముద్రంలో ఉన్న నార్‌ఫోక్ దీవికి అధికారిగా వచ్చాడు. శిక్షను ఏళ్లలో కాదు, మార్కుల్లో కొలవాలన్నాడు. పనికి, నడవడికకు మార్కులు వస్తాయి, తప్పుకు పోతాయి. కొన్నాళ్లయ్యాక ఆరుగురిని ఒక జట్టు చేస్తారు. ఒకడు తప్పు చేస్తే ఆరుగురికీ నష్టమే. అయితే మార్కులు వేయడం ఆయన చేతిలో ఉన్నా, విడుదల పైవాళ్ల చేతిలోనే ఉండిపోయింది. 1844లో ఆయన్ను వెనక్కి పిలిచారు.

తర్వాత వచ్చిన అధికారి మళ్లీ కొరడా పట్టాడు. 1846లో ఖైదీల సొంత వంటపాత్రలు లాక్కున్నారు. దీవిలో తిరుగుబాటు లేచింది. 12 మందిని ఉరితీశారు.