టైరు షాపు బకెట్‌లోని సీసం: 1976 నాటి ఒక మినహాయింపు కథ

సీసపు తూటాలను నిషేధించాలా వద్దా అన్న వాదన మళ్లీ రాజుకుంది. వేటలో వాడే సీసపు గుళ్లను, తూటాలను చాలావరకు మూడేళ్ల గడువుతో నిషేధిస్తామని 2025 జూలైలో బ్రిటన్ ప్రభుత్వం ప్రకటించింది. ఇలాంటి ప్రకటన ఎక్కడ వెలువడినా అమెరికాలో ఒక వర్గం ఉలిక్కిపడుతుంది. కారు చక్రాల బ్యాలెన్సింగ్‌కు వాడిన పాత సీసపు బరువులను టైరు షాపుల నుంచి తెచ్చుకొని, కరిగించి, ఇంటి గ్యారేజీలోనే తూటాలు పోతపోసుకొనే వారు వీరు. తమ వ్యాపకాన్ని చంపడానికి ప్రభుత్వం తుపాకుల చట్టాన్ని వదిలి పర్యావరణ చట్టాన్ని దొడ్డిదారిగా ఎంచుకున్నదని వీరి ప్రధాన ఆరోపణ. ఆ ఆరోపణలో ఎంత నిజముందో తేల్చుకోవాలంటే తూటాల చరిత్ర కన్నా ముందు చక్రాల బరువుల చరిత్ర చూడాలి.

మన పాఠకులకు ఒక మాట చెప్పాలి. భారతదేశంలో 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మందుగుండు తయారు చేయడం నేరం. నాటు తుపాకిలోకి గుండ్లు పోసుకొనేవాడు మన దగ్గర పోలీసులకు భయపడుతూ ఆ పని చేస్తాడు. అమెరికాలో 1968 నాటి తుపాకుల నియంత్రణ చట్టం అమ్మకానికి తయారు చేసేవారినే లైసెన్సు అడుగుతుంది. సొంత వాడకానికి పోసుకొనేవారిని అడగదు. అందువల్ల అక్కడ ఇది వడ్రంగం లాంటి ఇంటి వ్యాపకంగా, తండ్రి నుంచి కొడుకు నేర్చుకొనే పనిగా సాగుతోంది.

చక్రాల బరువులకు ఇంత గిరాకీ రావడానికి కారణం వాటిలోని మిశ్రమం. శుద్ధ సీసం మరీ మెత్తనిది. రిమ్ అంచుకు క్లిప్పుతో బిగించే బరువులో సుమారు 3 శాతం ఆంటిమొనీ అనే గట్టి లోహం, కొద్దిపాటి తగరం ఉండటం వల్ల అది తూటాకు తగినంత గట్టిగా ఉంటుంది. అంతకుముందు తరం వారికి ఈ గట్టిదనం అచ్చాఫీసుల నుంచి దొరికేది. అచ్చు పంక్తులు పోసే లైనోటైప్ యంత్రాల లోహంలో 84 శాతం సీసం, 12 శాతం ఆంటిమొనీ, 4 శాతం తగరం ఉండేవి. 1978 జూలైలో న్యూయార్క్ టైమ్స్ కూడా వేడి సీసపు కూర్పుకు స్వస్తి చెప్పింది. ఆ లోహం క్రమంగా తుక్కు కొట్లలో కనుమరుగైంది. మన తెలుగు పత్రికల కంపోజింగ్ గదుల్లోనూ ఒకనాడు సీసపు అక్షరాలే రాజ్యమేలాయి కాబట్టి ఆ మార్పు ఎంత సంపూర్ణమైనదో మన పాత కంపోజిటర్లకు వేరే చెప్పనవసరం లేదు. అలా టైరు షాపులో మూలన పడి ఉండే బకెట్, తూటాలు పోసేవారికి చివరి చౌక గనిగా మిగిలింది.

పెయింట్లలో, పెట్రోలులో సీసం చేసిన కీడు, వేట కళేబరాల్లోని సీసం తిని చనిపోయిన కాండోర్ రాబందుల కథ ఇదివరకు చాలాసార్లు చెప్పుకున్నవే. ఈ వివాదానికి అసలు మలుపు వేరే చోట, 2009 ఆగస్టుకూ 2010 ఆగస్టుకూ మధ్య ఉన్న పన్నెండు నెలల్లో ఉంది.

చక్రాల నుంచి ఊడిపడిన బరువులు వాహనాల కింద నలిగి రోడ్డు దుమ్ములో కలిసిపోతున్నాయని న్యూ మెక్సికోలోని ఆల్బుకర్కీ నగరంలో జరిపిన ఒక అధ్యయనం 2000లో చూపించింది. అమెరికాలో ఏటా సుమారు 16 లక్షల పౌండ్ల సీసం ఇలా రోడ్ల మీద రాలుతోందని పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏ స్వయంగా పేర్కొంది. ఐరోపా సమాఖ్య 2005 జూలై నుంచి ఇలాంటి బరువులను నిషేధించింది. అదే ఏడాది మిషిగన్ రాష్ట్రం యాన్ ఆర్బర్‌లోని ఎకాలజీ సెంటర్ అనే సంస్థ, విషపదార్థాల నియంత్రణకు 1976లో చేసిన చట్టం కింద, అమెరికాలోనూ వీటిని నిషేధించాలని ఈపీఏకు అర్జీ పెట్టుకుంది. ఈపీఏ తిరస్కరించింది. తయారీదారులు తమంతట తామే మానుకోవాలని 2008లో ఒక స్వచ్ఛంద కార్యక్రమం మాత్రం మొదలుపెట్టింది. ఎకాలజీ సెంటర్ వారు పట్టు విడవలేదు. సియెరా క్లబ్ తదితర సంస్థలను కలుపుకొని 2009 మేలో మళ్లీ అర్జీ పెట్టారు. ఆగస్టు 26న ఈపీఏ దానిని అంగీకరించి, నిబంధనల రూపకల్పన ప్రారంభిస్తామని ప్రకటించింది.

ఏడాది తిరగకముందే అదే చట్టం కింద, అదే కార్యాలయానికి మరో అర్జీ వచ్చింది. 2010 ఆగస్టు 3న సెంటర్ ఫర్ బయలాజికల్ డైవర్సిటీ, అమెరికన్ బర్డ్ కన్సర్వెన్సీ తదితర పర్యావరణ సంస్థల వారు సీసపు తూటాలను, గాలాలకు కట్టే సీసపు గుండ్లను నిషేధించాలని కోరారు. చట్టం ఇచ్చిన గడువు 90 రోజులు. తూటాల సంగతి తేల్చడానికి ఈపీఏకు 24 రోజులే సరిపోయాయి. ఆ విషయంలో తనకు అధికారమే లేదని అది ఆగస్టు 27న జవాబిచ్చింది.

ఆ జవాబుకు ఆధారం 1976 చట్టంలోని నిర్వచనాల సెక్షన్‌లో ఉన్న ఒక మినహాయింపు. అమెరికా పన్నుల స్మృతి (ఇంటర్నల్ రెవెన్యూ కోడ్)లోని 4181వ సెక్షన్ కింద ఎక్సైజ్ పన్ను పడే వస్తువులు ఈ చట్టం దృష్టిలో రసాయన పదార్థాలు కావు. తుపాకులు, తూటాను మందుతో సహా ఒకే గొట్టంలో బిగించిన కార్ట్రిజ్‌లు ఆ పన్ను కిందికి వస్తాయి. అర్జీదారులు ఇక్కడే ఒక పట్టు పట్టారు: పన్ను పడేది పూర్తి కార్ట్రిజ్ మీద కదా, విడి తూటా మీద కాదు కదా, అలాంటప్పుడు దాని ముందు భాగాన ఉండే సీసపు ముద్దను నియంత్రించడానికి అడ్డేమిటి? గ్యారేజీలో పోతపోసేది కూడా సరిగ్గా ఆ ముద్దనే కాబట్టి ఈ వాదన ఇంటి తూటాల వారికి అందరికన్నా దగ్గరగా తగిలేది. వాషింగ్టన్‌లోని ఫెడరల్ అప్పీళ్ల న్యాయస్థానం 2014 డిసెంబరులో ఈ వాదనను తోసిపుచ్చింది. కార్ట్రిజ్‌ను ముట్టకుండా పేలిన తూటాను నియంత్రించే మార్గం ఏదీ అర్జీదారులు చూపలేకపోయారని, కార్ట్రిజ్‌ను ముట్టవద్దని చట్టమే చెబుతోందని పేర్కొంది.

దీని పర్యవసానం ఏమిటో నెమ్మదిగా ఆలోచించాలి. ఒకే సీసపు ముక్క చక్రానికి ఉన్నంతసేపు విషపదార్థం. కరిగి అచ్చులోంచి బయటపడి కార్ట్రిజ్‌లో చేరితే చట్టానికి కనిపించదు. తూటాలను చట్టం వేటాడుతోందని వాపోయే వారికి నిజానికి ఆ చట్టం ఇచ్చినంత రక్షణ మరే సీసపు వస్తువుకూ ఇవ్వలేదు.

వారి వాదన కూడా వినాలి. టైరు షాపు బకెట్‌లోకి చేరిన బరువు రోడ్డు మీద రాలిన బరువు కాదని, తాము దానిని చెత్తకుప్ప పాలు కాకుండా కాపాడుతున్నామని వారంటారు. ఇది కొట్టిపారేయదగ్గ మాట కాదు. వాషింగ్టన్, మెయిన్, కాలిఫోర్నియా, న్యూయార్క్, ఇల్లినాయి రాష్ట్రాలు సొంత చట్టాలు తెచ్చాక బకెట్లలో జింకు, ఉక్కు బరువులు పెరిగాయి. ఉక్కును ఏరడం సులువు. సీసంలో కొద్దిగా జింకు కలిసినా పోత చెడుతుంది. ఉచితంగానో, నామమాత్రపు ధరకో దొరికిన సరుకు అలా కరువైంది. దానికి తోడు మిస్సోరీలోని హెర్క్యులేనియంలో 1892 నుంచి నడుస్తున్న, అమెరికాలో ముడి ఖనిజం నుంచి సీసం తీసే చివరి కర్మాగారం 2013 డిసెంబరులో మూతపడటంతో కుట్ర అనుమానం బలపడింది. అయితే అమెరికాలో సీసం అధికభాగం పాత బ్యాటరీలను కరిగించగా వచ్చేదే. తూటాల కంపెనీలూ ఆ సీసం మీద ఆధారపడగలవు కాబట్టి హెర్క్యులేనియం మూతతో తూటాలు ఆగిపోలేదు. ఇక చక్రాల బరువులపై 2009లో ఈపీఏ మాట ఇచ్చిన జాతీయ నిబంధన దశాబ్దం దాటినా వెలువడలేదు. కుట్రే అయి ఉంటే ఇంత మందకొడిగా నడవదు.

వివాదంలో ఇరుపక్షాలూ తక్కువగా పలికే విషయం ఇంటి లోపలి సంగతి. సీసం కరిగించే కర్మాగారంలో ఘనపు మీటరు గాలిలో 50 మైక్రోగ్రాములకు మించి సీసం ఉండరాదని 1978 నుంచి కార్మికుల రక్షణ నిబంధన ఉంది. గ్యారేజీలో సొంతానికి అదే పని చేసుకొనేవారికి ఆ నిబంధన వర్తించదు. అక్కడి ప్రమాదం ఆవిరి కన్నా దుమ్ముతోనే ఎక్కువ: కరిగిన సీసం మీద నుంచి తీసిపారేసే తెట్టు, బరువులకు పట్టిన మురికి, వాటిని ఏరిన చేతులు, ఆ బట్టలతోనే ఇంట్లోకి వచ్చి ఎత్తుకొనే పసిపిల్లలు. అనుభవజ్ఞులు కొత్తవారికి చేతులు కడుక్కోమని, పిల్లలను దూరంగా ఉంచమని చెప్పడం నిజమే, అది వారి గౌరవం. కానీ పిల్లల రక్తంలో సీసం ఎంత ఉంటే ఆందోళన పడాలన్న కొలత డెసీలీటరుకు 10 మైక్రోగ్రాముల నుంచి 2012లో 5కు, 2021లో 3.5కు దిగింది. ఏ స్థాయీ సురక్షితం కాదని వైద్యులు చెబుతున్నప్పుడు, పెద్దల జాగ్రత్త మీదనే పసిపిల్లల ఆరోగ్యాన్ని వదిలేయడం నాకు సమ్మతం కాదు. తెలుగు కుటుంబాలు వేల సంఖ్యలో స్థిరపడిన శివారు కాలనీల్లో పక్కింటి గ్యారేజీలో ఏం కరుగుతోందో అడిగే అలవాటు ఎవరికీ లేదు.

కాలిఫోర్నియా 2019 జూలై నుంచి వేటలో సీసపు తూటాలను పూర్తిగా నిషేధించింది. కానీ ఆ నిషేధం వేటకే. షూటింగ్ రేంజిలో కాల్చుకోవడానికి ఇంట్లో పోసుకొనే తూటాకు అది అడ్డు రాదు. 2024 డిసెంబరులో చైనా అమెరికాకు ఆంటిమొనీ ఎగుమతిని నిషేధించడం (2025 నవంబరులో ఆ నిషేధాన్ని తాత్కాలికంగా నిలిపివేసింది) కూడా, ఆ లోహం ముందే కలిసి ఉన్న పాత క్లిప్పు బరువులకు విలువ పెంచగలిగినదే.

జాతీయ స్థాయిలో తలుపు మరింత గట్టిగా మూసుకుంది. 1976 చట్టాన్ని అమెరికా కాంగ్రెస్ 2016 జూన్‌లో నలభై ఏళ్ల తర్వాత తొలిసారి సమూలంగా సవరించింది. రసాయనాలపై ఈపీఏకు కొత్త అధికారాలు ఇచ్చిన ఆ సవరణలోనే, పాత మినహాయింపు పక్కన కొన్ని మాటలు చేర్చింది: కార్ట్రిజ్‌లతో పాటు వాటి విడిభాగాలు కూడా చట్టం పరిధిలోకి రావు. 2010లో అర్జీదారులు వేలు పెట్టి చూపిన సందు అదే.