ఎస్ప్రెస్సో గ్రైండర్ కొనేముందు: నేను రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

నాది హైదరాబాద్‌లో చిన్న రోస్టింగ్ గది. వారంలో ఐదు రోజులు గింజలు వేయిస్తా, మిగతా రెండ్రోజులు జనాల ఇళ్ళకెళ్ళి ఎస్ప్రెస్సో మెషీన్లు విప్పి, క్లీన్ చేసి, బిగించి వస్తా. నాకొచ్చే మెసేజ్‌లు ఎక్కువగా ఇలాగే ఉంటాయి: "అన్నా కొత్త మెషీన్ కొన్నాం, బటన్ నొక్కిన పది సెకన్లకే కప్పు నిండిపోతోంది, పుల్లగా నీళ్ళలా ఉంది, డిఫెక్ట్ పీసా?" తీరా వెళ్ళి చూస్తే మెషీన్ బంగారంలా ఉంటుంది, గ్రైండర్ మాత్రం ఉండదు, లేదా ఉండీ లేనట్టే ఉంటుంది. ప్రతి ఇంట్లో అదే పాఠం చెప్పలేక ఇక్కడ రాసి పడేస్తున్నా.

అపోహ: డబ్బులన్నీ మెషీన్ మీద పెట్టాలి, గ్రైండర్ ఏదైనా పర్లేదు

మెషీన్ చేసే పనల్లా వేడినీళ్ళని దాదాపు 9 బార్ ఒత్తిడితో పొడి మీదకి తోయడమే. ఆ నీళ్ళని నిదానంగా వెళ్ళనిచ్చేది పొడి. 18 గ్రాముల పొడి వేస్తే 25-30 సెకన్లలో 36 గ్రాముల కాఫీ దిగాలి అనేది మేమందరం మొదలుపెట్టే లెక్క, తర్వాత ఎవరి నోటికి తగ్గట్టు వాళ్ళు మార్చుకుంటారు. ఆ టైమ్ మీ చేతిలో ఉండాలంటే పొడి సైజు మీ చేతిలో ఉండాలి.

కాకపోతే ముందు మీ బాస్కెట్ (మెషీన్‌లో పొడి వేసే చిల్లుల గిన్నె) తిప్పి అడుగున చూడండి. లోపల బోలెడు చిల్లులుండి కింద మాత్రం ఒక్కటే సన్న రంధ్రం ఉంటే అది ప్రెషరైజ్డ్ బాస్కెట్. అందులో ఒత్తిడి ఆ రంధ్రమే పుట్టిస్తుంది కాబట్టి షాపులో ఆడించిన పొడితో కూడా నురగ వచ్చేస్తుంది. ఆ బాస్కెట్‌తో మీరు హ్యాపీగా ఉంటే ఖరీదైన గ్రైండర్ కొనకండి, నిజంగా చెప్తున్నా, పెద్ద తేడా తెలీదు.

అపోహ: మా మిక్సీలో ఇంకా మెత్తగా వస్తుంది

వస్తుంది. నేనూ మొదట్లో మిక్సీలోనే వేశా, చిన్న జార్ ఎంత కడిగినా కాఫీలో కొత్తిమీర పచ్చడి వాసన వచ్చింది, అది వేరే కథ. మిక్సీ బ్లేడు గింజల్ని కొడుతుంది, దెబ్బ ఎన్నిసార్లు తగిలితే అంత మెత్తన, అందుకే అదే జార్‌లో మైదాలాంటి పొడీ ఉంటుంది, ఆవగింజంత ముక్కలూ ఉంటాయి. నీళ్ళు ముక్కలున్న చోట దారి చేసుకుని పారిపోతాయి, మెత్తని పొడి ఉన్న చోట ఇరుక్కుంటాయి, ఒకే కప్పులో పులుపూ చేదూ రెండూ.

బర్ గ్రైండర్ అంటే మన తిరగలే. రెండు పళ్ళచక్రాల మధ్య సందు ఎంత ఉంటే పొడి దాదాపు అంతకి దిగుతుంది. పిండిమర ఆయన చక్రం బిగించి "ఇప్పుడు చూడమ్మా" అని చిటికెడు పిండి వేళ్ళ మధ్య రుద్ది చూపిస్తాడు చూశారా, ఎస్ప్రెస్సో గ్రైండర్‌తో మనం చేసేది అచ్చంగా అదే.

అపోహ: మెత్తగా ఆడితే అది ఎస్ప్రెస్సో గ్రైండరే

ఎక్కువమంది డబ్బులు పోగొట్టుకునేది ఇక్కడే, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

ఎస్ప్రెస్సో పొడి వేళ్ళ మధ్య రుద్దితే బొంబాయి రవ్వ కన్నా బాగా సన్నగా, మైదాలా జారిపోకుండా కొంచెం గరగరలాడాలి. అంత మెత్తగా ఈరోజుల్లో చాలా గ్రైండర్లు ఆడతాయి. అసలు ప్రశ్న ఏంటంటే, మీ షాట్ (ఒకసారి దిగే ఎస్ప్రెస్సో) 19 సెకన్లలో పడింది, 27 కి తేవాలి, అప్పుడు వెంట్రుకంత బిగించే వీలు ఉందా? ఒక క్లిక్ తిప్పితే 19, ఇంకో క్లిక్ తిప్పితే చుక్క కూడా పడకుండా మెషీన్ మూలుగుతుంటే, ఆ మధ్య ఉన్న 27 మీకు ఎప్పటికీ దొరకదు.

హ్యాండ్ గ్రైండర్లతో లెక్క తేలిగ్గా తెలుస్తుంది. కమాండాంటే సీ40 లో ఒక్క క్లిక్‌కి బర్ దాదాపు 30 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు) జరుగుతుంది, ఫిల్టర్ కాఫీకీ పోర్ ఓవర్‌కీ (పొడి మీద చేత్తో వేడినీళ్ళు పోసి వడకట్టే పద్ధతి) హాయిగా సరిపోతుంది, ఎస్ప్రెస్సోకి పెద్ద అడుగు. అందుకే వాళ్ళే రెడ్ క్లిక్స్ అని విడిగా ఒక పార్ట్ అమ్ముతారు, అది వేస్తే అడుగు సగమవుతుంది. కింగ్‌గ్రైండర్ కే6 లో 16, వన్‌జెడ్‌ప్రెస్సో జే-అల్ట్రాలో 8 మైక్రాన్లు. అలాగే కరెంటుతో నడిచే బరాట్జా ఎన్‌కోర్ ఈఎస్పీ లో 40 సెట్టింగ్‌లలో మొదటి 20 అచ్చంగా ఎస్ప్రెస్సో కోసమే సన్న అడుగులతో పెట్టారు. ఇవే కొనమని చెప్పట్లేదు, కొనేముందు అమ్మేవాణ్ణి "ఒక్క క్లిక్‌కి ఎంత జరుగుద్ది?" అని అడగండి. "సార్ ఇది 60 సెట్టింగ్స్ సార్" అని జవాబొస్తే ఆ అరవైలో ఎస్ప్రెస్సోకి పనికొచ్చేవి ఎన్నని మళ్ళీ అడగండి. స్టెప్‌లెస్ (క్లిక్‌లు లేకుండా ఎంతంటే అంత తిరిగేది) అయితే ఈ గొడవే లేదు, కానీ పొద్దున ఎస్ప్రెస్సో సాయంత్రం ఫిల్టర్ అని మార్చేవాళ్ళకి పాత చోటుకి తిరిగి రావడం చిరాకు.

అపోహ: హ్యాండ్ గ్రైండర్ అంటే పేదవాడి గ్రైండర్

ఒకే బడ్జెట్‌లో చూస్తే మోటార్ ఖర్చు లేదు కాబట్టి డబ్బులు బర్ మీదకీ బేరింగ్ మీదకీ పోతాయి. రోజుకి రెండు కప్పులు తాగే ఇంటికి నేను ముందు ఇదే చెప్తా. కరెంటు పోయినా పర్లేదు, పొద్దున్నే పిల్లలు లేవరు. కష్టమెక్కడంటే అరకు అరబికా లాంటిది లైట్ రోస్ట్ (తక్కువ వేయించినది) తెచ్చుకున్నప్పుడు, ఆ గింజ గట్టిగా ఉంటుంది, పైగా ఇంకా సన్నగా ఆడాలి, నాలుగు కప్పులకి తిప్పేసరికి భుజం లాగేస్తుంది. చుట్టాలు ఎక్కువొచ్చే ఇల్లయితే ఎలక్ట్రిక్ తీసుకోండి.

అపోహ: ఫ్లాట్ బర్ గొప్పది, కోనికల్ చీప్

ఫ్లాట్ అంటే రెండు బల్లపరుపు చక్రాలు ఎదురెదురుగా, కోనికల్ అంటే రింగు లోపల శంకువు ఆకారం బర్. రుచి తేడా ఉంటుంది, ఎక్కువ తక్కువలు లేవు. మామూలుగా కోనికల్‌లో చిక్కదనం, ఫ్లాట్‌లో రుచులు విడివిడిగా తెలియడం అంటారు, నా నోటికీ చాలాసార్లు అలానే ఉంది కానీ బర్ డిజైన్‌ని బట్టి తారుమారవుతుంది కూడా. మీరు తాగేది పాలు పోసిన క్యాపుచ్చినోనో లాటేనో అయితే ఈ చర్చ మీద రాత్రిళ్ళు నిద్ర పాడుచేసుకోకండి.

అపోహ: అమెరికా నుంచి తెప్పిస్తే చీప్, ప్లగ్ కన్వర్టర్ పెట్టుకుంటే చాలు

ఇది నా సొంత సిగ్గుచేటు కథ. డల్లాస్ నుంచి మా బావ సూట్‌కేసులో బట్టల మధ్య చుట్టి ఒక గ్రైండర్ తెచ్చాడు, నేను ఉత్సాహం ఆపుకోలేక ప్లగ్ అడాప్టర్ తగిలించి స్విచ్ వేశా, గయ్యిమని ఒక్క అరుపు, కాలిన వాసన, అయిపోయింది. బావకి ఇప్పటికీ చెప్పలేదు. అక్కడ 120 వోల్టులు 60 హెర్ట్జ్, ఇక్కడ 230 వోల్టులు 50 హెర్ట్జ్. ప్లగ్ అడాప్టర్ పిన్నుల ఆకారం మారుస్తుంది, వోల్టేజీని ముట్టుకోదు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా ఫ్రీక్వెన్సీ మారదు, ఇండక్షన్ మోటార్ అయితే ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతుంది, వేడెక్కుతుంది. వెనక ప్లేట్ మీద 220-240 అని రాసి ఉంటేనే తెప్పించుకోండి. మీ వాళ్ళు తెస్తామని మరీ పట్టుబడితే హ్యాండ్ గ్రైండర్ తెమ్మనండి.

అపోహ: "మీ గ్రైండర్ ఏ నంబర్ మీద పెట్టారు?"

నా నంబర్ మీకు పనికిరాదు. ఒకే మోడల్ రెండు పీసులకి కూడా బర్స్ తగిలే చోటు ఒకటే ఉండదు. పైగా అదే ప్యాకెట్, వారం గడిచేసరికి గింజలో గ్యాస్ తగ్గి షాట్ త్వరగా పడుతుంది, కొంచెం బిగించాలి. మార్చిన ప్రతిసారీ లోపల మిగిలిపోయిన పాత పొడి బయటికి పోయేలా నాలుగు గింజలు ఆడించి పారేయండి, లేకపోతే కొత్త సెట్టింగ్‌ని తిడుతూ పాత పొడి తాగుతుంటారు.

అపోహ: బియ్యం వేసి తిప్పితే శుభ్రమవుతుంది

వద్దు బాబూ. పచ్చి బియ్యం వేయించిన కాఫీ గింజ కన్నా చాలా గట్టిది, మోటార్ ముక్కుతుంది, బియ్యప్పిండి మూలల్లో చేరి కాఫీ నూనెతో ముద్దవుతుంది. బర్ విప్పి పొడి బ్రష్‌తో తుడవండి, కడగొద్దు. రాళ్ళ సంగతి కూడా ఇక్కడే చెప్తా, గింజల్లో అప్పుడప్పుడు సన్నరాయి వస్తుంది, బియ్యంలో మట్టిబెడ్డ ఏరినట్టు 18 గ్రాములు ప్లేట్‌లో పోసి ఒకసారి కళ్ళు తిప్పండి చాలు. నా టేబుల్ మీదకి వచ్చిన చాలా బర్స్ చచ్చిపోయింది రాయి వల్లే, అరుగుదల వల్ల కాదు. రోజుకి రెండు కప్పులకి 36 గ్రాముల గింజలంటే ఏడాదికి 13 కిలోలు, మంచి స్టీల్ బర్ వందల కిలోలు ఆడుతుంది, మీరే లెక్కేసుకోండి.

అపోహ: గింజల మీద నీళ్ళు చల్లడం పిచ్చి పని

నేనూ నవ్వేవాణ్ణి. ఆడేటప్పుడు గింజ రాపిడికి కరెంటు పుట్టి పొడి గోడలకి అతుక్కుంటుంది, ఉండలు కడుతుంది. ఒరెగాన్ యూనివర్సిటీలో క్రిస్టఫర్ హెండన్ టీమ్ 2023లో దీన్ని కొలిచి చూపించింది, ఆడేముందు కొంచెం తడి తగిలితే స్టాటిక్ తగ్గుతుంది, షాట్ కూడా చిక్కగా నిలకడగా వస్తుంది. ఒక్క స్ప్రే, అంతే, స్నానం చేయించొద్దు. హాపర్‌లో (గ్రైండర్ పైన గింజలు పోసే డబ్బా) నిల్వ ఉంచిన గింజల మీద అసలే చల్లొద్దు.

చివరగా, చికోరీ కలిపిన పొడి ప్రెషర్ లేని మామూలు బాస్కెట్‌లో వేసి "గ్రైండర్ మార్చినా షాట్ రావట్లేదు" అని ఫోన్ చేసిన వాళ్ళు నాకు ముగ్గురున్నారు. ఆ పొడి ఇత్తడి ఫిల్టర్ కోసం పుట్టింది, దాన్ని అందులోనే వేయండి. ఇంట్లో అందరూ డికాక్షన్ మనుషులే అయితే మీ వీధి చివర కాఫీ షాపులో వారానికోసారి ఆడించుకోవడం కన్నా సుఖం లేదు, నా ఇంట్లో మా అమ్మకి ఇప్పటికీ అదే.