ఉపగ్రహాలతో రాడార్ కాలిబ్రేషన్: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఏ ఉపగ్రహం దొరికితే దాంతో రాడార్‌ని సరిచూసేయొచ్చు.

వాస్తవం: టీఎల్ఈ (ఉపగ్రహ కక్ష్యను రెండు వరుసల అంకెల్లో చెప్పే సమాచారం) అందరికీ దొరుకుతుంది, కానీ దాంతో లెక్కగట్టిన స్థానంలో కిలోమీటరు తేడా రావడం మామూలే. అలాంటి కక్ష్యను నమ్మి రాడార్‌ని దిద్దడమంటే దొంగ రాళ్లతో త్రాసును పరీక్షించడమే. లేజర్ కొలతలతోనో, సొంత జీపీఎస్ రిసీవర్‌తోనో కక్ష్య కచ్చితంగా తేలిన ఉపగ్రహాలనే ఎంచుకోవాలి.

అపోహ: ఒక్క పాస్ (ఉపగ్రహం ఒకసారి మన ఆకాశం దాటడం) బాగా వస్తే చాలు.

వాస్తవం: ఈ పనికి కొత్తలో నేనూ ఇలాగే అనుకున్నాను. మాకు తూర్పుగా, దక్షిణం నుంచి ఉత్తరానికి వెళ్లిన పాస్‌లో అజిముత్ (ఉత్తరం నుంచి కొలిచే దిశ కోణం) తేడాలన్నీ, అంటే రాడార్ కొలతకూ తెలిసిన కక్ష్యకూ మధ్య తేడాలన్నీ, ఒకే వైపు ఒరిగాయి. బయాస్ (ఎప్పుడూ ఒకేలా వచ్చే తప్పు) దొరికిందని సంబరపడి దిద్దేశాను. తర్వాత అదే తూర్పు వైపు, ఉత్తరం నుంచి దక్షిణానికి ఇంకో పాస్ వచ్చింది. తేడా తగ్గకపోగా రెట్టింపైంది!

తప్పు యాంటెన్నాది కాదు, గడియారానిది. టైమ్ ట్యాగ్ (ప్రతి కొలతకు వేసే సమయం) 10 మిల్లీసెకన్లు తప్పితే, సెకనుకు 7.5 కిలోమీటర్లు పోయే ఉపగ్రహం 75 మీటర్లు జరిగిపోయినట్టే. 1000 కిలోమీటర్ల దూరం నుంచి అది 0.004 డిగ్రీలకు పైగా తేడాగా కనిపిస్తుంది, అచ్చం అజిముత్ బయాస్‌లాగే. ఉపగ్రహం ఎటు పోయినా అసలు అజిముత్ బయాస్ గుర్తు (ప్లస్, మైనస్) మారదు. టైమ్ బయాస్ వల్ల కనిపించే తేడాకైతే, దిశ తిరగబడితే గుర్తు మారిపోతుంది. అప్పటినుంచి ఎదురెదురు దిశల పాస్‌లు చూడకుండా ఏ అంకెనీ సిస్టమ్‌లో ఎక్కించను.

అపోహ: ఉపగ్రహం ఎంత పెద్దదైతే సిగ్నల్ బలం సరిచూడటానికి అంత మంచిది.

వాస్తవం: సోలార్ ప్యానెళ్లున్న పెద్ద ఉపగ్రహం తిరిగే కొద్దీ ప్రతిధ్వని ఎగుడుదిగుడవుతుంది. గోళానికి ఆ బాధ లేదు. రాడార్లను సరిచూడటానికే 1965లో పంపిన ఎల్‌సీఎస్-1 ఉపగ్రహం బోలు అల్యూమినియం గోళం, వ్యాసం 1.13 మీటర్లు. ఆ కొలత ఎందుకంటే, తరంగదైర్ఘ్యం గోళం కన్నా బాగా చిన్నదైతే రాడార్‌కు అది సరిగ్గా 1 చదరపు మీటరుగా కనిపిస్తుంది. ఇప్పటికీ కక్ష్యలోనే ఉంది.

అపోహ: దిగంతం నుంచి దిగంతం దాకా డేటా అంతా వాడాలి.

వాస్తవం: గాలిలో సిగ్నల్ ఆలస్యమవడం వల్ల దూరంలో వచ్చే తేడా (వాతావరణ జాప్యం) నడినెత్తిన సుమారు 2.4 మీటర్లుంటే, దిగంతానికి 10 డిగ్రీల ఎత్తులో 12 మీటర్లు దాటుతుంది. కింది డేటాలో రాడార్ తప్పేదో, గాలి తప్పేదో విడదీయడం కష్టం. అలాగని మొత్తం కోసేస్తే ఎలివేషన్ (ఎత్తు కోణం) బయాస్ సరిగ్గా తేలదు. నేను కింది డేటాను ఉంచి, లెక్కలో దాని ప్రాధాన్యం మాత్రం తగ్గిస్తాను.

అపోహ: ఒకసారి చేస్తే ఏళ్లు వస్తుంది.

వాస్తవం: రిసీవర్ కేబుల్ మార్చినా రేంజ్ (దూరం) బయాస్ మళ్లీ మొదటి నుంచి చూసుకోవాలి.