మారుత్‌కు దొరకని ఇంజిన్

స్వదేశీ యుద్ధ విమానం తేజస్ మార్క్-1ఏ ఆలస్యంపై మళ్లీ రగడ మొదలైంది. దాన్ని తయారుచేసే ప్రభుత్వ సంస్థ హెచ్‌ఏఎల్‌పై తనకు నమ్మకం లేదని వైమానిక దళాధిపతి ఏపీ సింగ్ 2025 ఫిబ్రవరిలో ఎయిరో ఇండియా విమాన ప్రదర్శనలో అన్న మాటలు వీడియోకెక్కాయి. అమెరికా ఇంజిన్లు పంపకపోతే తామేం చేయగలమన్నది హెచ్‌ఏఎల్ జవాబు. ఇంజిన్ దొరకని ఈ తగువు అరవై ఏళ్ల నాటిది. మూలం వెతికితే కుర్ట్ టాంక్ దగ్గర తేలతాం.

జర్మనీలో రెండో ప్రపంచ యుద్ధం నాటి ఫోకె-వుల్ఫ్ 190 యుద్ధ విమాన రూపకర్తగా ఆయన్ని ఎరగనివారు తక్కువ. 1956లో అర్జెంటీనా నుంచి బెంగళూరు వచ్చాడు. ధ్వనికి రెట్టింపు వేగమందుకునే విమానం కావాలని మన వైమానిక దళం అడిగింది. అదే మారుత్. 1959లో ముందుగా పైకి లేచింది అసలు కొలతల చెక్క గ్లైడర్. డకోటా రవాణా విమానం దాన్ని తాడుతో లాక్కెళ్లి గాల్లో వదిలేసేది. పైలట్ కిందికి దిగుతూ దాని నడత చూసుకునేవాడు. అసలు విమానం తలరాత కూడా ఇంచుమించు అలాగే అయింది.

టాంక్ లెక్కలన్నీ బ్రిటన్‌లో తయారవుతున్న ఆర్ఫియస్-12 ఇంజిన్ మీద వేసినవి. అక్కడ దానికి నిధులు ఆగిపోయాయి. మిగతా ఖర్చు భారత్ పెట్టుకోవాలన్నారు. ఢిల్లీ ఒప్పుకోలేదు. నా దృష్టిలో కథ అడ్డం తిరిగింది అక్కడే. 1961 జూన్ 17న టెస్ట్ పైలట్ సురంజన్ దాస్ నడిపిన తొలి మారుత్‌లో ఆఫ్టర్‌బర్నర్ (అదనంగా ఇంధనం మండించి బలం పెంచే అమరిక) లేని పాత రకం ఆర్ఫియస్‌లే ఉన్నాయి, ఒక్కోదాని థ్రస్ట్ (ముందుకు తోసే బలం) సుమారు 2,200 కిలోలు. ధ్వని వేగం చేరడమే గగనమైంది.

తర్వాత ఈజిప్టు ఇంజిన్ బిగించి చూశారు. ఆ పథకమూ మూలపడింది. ఆఫ్టర్‌బర్నర్ తగిలించిన మారుత్ 1970 జనవరిలో టేకాఫ్ కాగానే కూలి దాస్ మరణించారు. టాంక్ అప్పటికే, 1967లో వెళ్లిపోయాడు.

శక్తి చాలదనీ, నాలుగు తుపాకులూ ఒకేసారి పేలిస్తే విమానం అదిరిపోతోందనీ వైమానిక దళం ఫిర్యాదు. నిజమే. అయినా 1971 యుద్ధంలో గాలిపోరులో ఒక్క మారుత్ కూడా పోలేదు. ఒక ఇంజిన్ దెబ్బతిన్నా రెండోదానితో తిరిగొచ్చినవి ఉన్నాయి. మొత్తం 147 తయారయ్యాయి.

తేజస్ కోసం 1989లో మంజూరైన స్వదేశీ కావేరీ ఇంజిన్‌ను 2008లో పక్కకు తప్పించారు. అప్పటికి తేజస్ అమెరికా ఎఫ్-404 ఇంజిన్‌తో ఎగరడం మొదలై ఏడేళ్లు. మార్క్-1ఏ కోసం 2021లో ఆర్డరిచ్చిన 99 ఇంజిన్లలో మొదటిది అందింది 2025 మార్చిలో.